నేను పట్టి ఆపిన చేతులు

స్టేజీ మీద మాట్లాడుతున్న ఒక ఆడమనిషి చేతులు రెండూ పట్టుకొని నేను ఆమె మాట ఆపిన. ఆమెకు చెవులు వినపడవు. నోటితోటి మాట్లాడదు, చేతులతోనే మాట్లాడుతది. ఆ సంగతి తెల్వక పట్టుకోలేదు, తెలిసే పట్టుకున్న. పట్టుకొని, ఆ రెండు చేతులను ఒకదానికొకటి జోడించి, ఫోటో కోసం నమస్కారం పెట్టించిన. కింద కూసున్నోళ్లు చప్పట్లు కొట్టిన్రు.

ఇది ముందుగాల చెప్తున్న. ఇసొంటి సంగతులు రాసేటప్పుడు మనిషి ముందు తన కష్టాలు చెప్పుకుంటడు, తన పేదరికం చెప్పుకుంటడు, చదివేటోళ్ల మనసు జెర మెత్తబడ్డంక తప్పును సన్నగ జారవిడుస్తడు. నాకు ఆ సౌలత్ వద్దు. ఇప్పుడిప్పుడే ఫ్యాక్టరీలల్ల చేరుతున్న పిలగాండ్లు, మీరు ఈ తప్పును ముందల పెట్టుకొనే మిగతాది చదవాలె.

పాశమైలారంల ఒక మందుల కంపెనీ. ఏ కంపెనీ అన్నది అక్కర్లేదు, గేటు బయట నిలబడి చూస్తే అక్కడ అన్నీ ఒక్కతీరే ఉంటయి. నేను డ్రమ్ములు దొర్లించే హెల్పర్‌గ చేరిన. బడి మధ్యలనే బంద్ అయింది. ఇంగ్లిష్ అక్షరాలు డ్రమ్ముల మీది చీటీలు చూసి నేర్చుకున్న. పుర్రె బొమ్మ కింద ఏం రాసి ఉన్నదో తెల్వకుంట ఆ డ్రమ్మును ఒంటికి ఆనించుకొని మోసుడు నాకు నచ్చలే. అట్ల మొదలైన చదువు పాత పేపర్ల మీదికి, సెకండ్ హ్యాండ్ పుస్తకాల మీదికి, పెద్దతనంల కంప్యూటర్ మీదికి పోయింది. నౌకరి దిగేనాటికి సేఫ్టీ సూపర్‌వైజర్‌ను. డిగ్రీలు చదివొచ్చినోళ్లకు మాస్కు ఎట్ల కట్టుకోవాలెనో నేనే చూపించిన. ఈ మాట గర్వంగనే రాస్తున్న, ఎందుకంటే ఈ కథల దొంగ ఆ గర్వమే.

ఇంకో గర్వం నా గొంతు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ గుడి కాడ నవరాత్రులప్పుడు మైకుల తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పింది నేను. ఎవరి చెప్పులు ఎక్కడ ఇడవాలెనో చెప్పింది నేను. కంపెనీల జెండా పండుగ అయినా, ఆయుధ పూజ అయినా మైకు నా చేతిల ఉండాల్సిందే. "ఆయన గొంతు ఉంటే స్పీకర్ కిరాయి మిగులుతది" అనెటోళ్లు. నేను నవ్వెటోన్ని, కానీ ఆ మాట ఇంటికి తీస్కపోయి మా ఇంటామెకు చెప్పెటోన్ని.

ఒక ఏడాది సేఫ్టీ వారానికి సినిమా తీపియ్యాలె అన్నడు మా హెచ్‌ఆర్ సారు. చిన్న వయసు, మంచి చదువు, ఇస్త్రీ చొక్కా. మనిషి చెడ్డోడు కాదు, తొందర మనిషి. అప్పటికి మా ప్లాంటుల సగానికంటే ఎక్కువ మంది ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కాంట్రాక్టు వర్కర్లే. నేను తెలుగుల చెప్తే వాళ్లు తలకాయ ఊపుతరు. హిందీల చెప్తే ఇంకా గట్టిగ ఊపుతరు. తలకాయ ఊపినంత మాత్రాన అర్థమైనట్టు కాదని సేఫ్టీల పని చేసిన ఎవలకైనా తెలుసు.

సంగారెడ్డి గంజ్ మార్కెట్ల గింజల దుకాణం నడిపే ఒక షావుకారు బిడ్డ సినిమాలు తీస్తదని, పుట్టు చెవుడు అని, ఇద్దరు ముగ్గురు చెవుడు ఉన్న పిలగాండ్లను పెట్టుకొని కంపెనీ నడుపుతదని మా సారుకు ఎవరో చెప్పిన్రు. దుకాణం మీద మేడ, శనగల వాసన మధ్యలకెల్లి మెట్లెక్కి పోవాలె. పైన కంప్యూటర్లు, కెమెరా, గోడకు నల్లగుడ్డ. ఆమెకు ముప్పై దాటి ఉంటయి. పక్కన ఆమె చెల్లె. అక్క చేతులను మాటల్లకు, మా మాటలను చేతులల్లకు మార్చేది ఈ చెల్లెనే.

మా సారు చెల్లె దిక్కు చూసి మొదలు పెట్టిండు. "మీ అక్కకు చెప్పమ్మా, ఇట్లాంటివాళ్లను ఎంకరేజ్ చేయాలని మా మేనేజ్‌మెంట్..."

ఆమె చెయ్యి లేపి ఆపింది. తన కండ్ల దిక్కు రెండు వేళ్లు చూపించి, మళ్ల ఆయన దిక్కు తిప్పింది. చెల్లె నవ్వాపుకుంట చెప్పింది: "నన్ను చూసి మాట్లాడమంటుంది సార్. సినిమా తీసేది అక్క, నేను కాదు."

మా సారు కుర్చీ తిప్పుకున్నడు. అప్పటి నుంచి ప్రశ్నలు ఆమెవే. సినిమా ఎవరు చూస్తరు? వాళ్లల్ల తెలుగు ఎంతమందికి వస్తది? వాళ్లు పని చేసేకాడ చప్పుడు ఎంత? మాస్కు ఉంటదా?

"మస్తు చప్పుడమ్మా," అన్న నేను. "బ్లోయర్లు నడుస్తయి. మాస్కు తీస్తే పని నుంచి తీసేస్తం."

ఆమె చేతులు జల్దీ జల్దీ ఆడినయి. చెల్లె అన్నది: "అయితే మీ ప్లాంటుల అందరికీ చెవుడేనట. అందరికీ నోరు కూడ కట్టేసి ఉందట. మరి మాటలతో సినిమా తీస్తే ఎవరికి కాకా?"

ఇన్నేండ్లు ఆ బ్లోయర్ల కింద నిలబడి గొంతు చించుకున్న నాకు ఈ మాట ఎన్నడు తట్టలే. తట్టనందుకు సిగ్గు పడాల్సింది పోయి, తెలివైనదే అని మనసుల మెచ్చుకున్న. మెచ్చుకునుడు కూడ ఒక తీరు పెత్తనమే, పిలగాండ్లు. ఆమెను మెచ్చుకునే జాగల నేను ఉన్ననని ఎవరన్నరు?

రేటు కాడ మా సారు గీచి గీచి బేరం చేసిండు. షావుకారు బిడ్డ, బేరం ఆమెకు కొత్త కాదు. చివరికి తక్కువకు ఒప్పుకున్నది, కానీ రెండు షరతులు పెట్టింది. సినిమా ఆఖర్ల తన పేరు, తన పిలగాండ్ల పేర్లు రావాలె. సేఫ్టీ వారం సభకు చుట్టుపక్కల కంపెనీల మేనేజర్లు వస్తరు గద, వాళ్ల ముందల తను పది నిమిషాలు మాట్లాడాలె. ఎందుకంటే ఆ మేడ మీది కంపెనీ నిలబడాల్సింది ఈ ఒక్క సినిమాతోటి కాదు, దీన్ని చూసి మిగతా ఫ్యాక్టరీలు ఇచ్చే పనితోటి. ఆ సంగతి దాపరికం లేకుంట చెప్పింది. ఆ పని రాకపోతే తన కాడ కెమెరా పట్టే పిలగాడు ఏదన్న ప్యాకింగ్ లైన్ల చేరాల్సిందే అన్నది. మా సారు సరే అన్నడు. "స్టేజీ నాది, మైకు నాది. మీ పది నిమిషాలు నా పూచీ," అన్న నేను, ఆమె కండ్లల్ల చూసే అన్న.

షూటింగ్ మా ప్లాంటులనే అయింది. ఇక్కడ ఒక పని సంగతి చెప్పాలె, ఇది లేకుంటే మిగతాది అర్థం కాదు. చప్పుడు ఎక్కువ ఉన్నకాడ వర్కర్లు సైగలతోనే మాట్లాడుకుంటరు. ఇవి ఎవరూ నేర్పినవి కావు, ఏ షిఫ్టుకు ఆ షిఫ్టు తయారు చేసుకున్నవి. హెల్మెట్ మీద పిడికిలితోటి కొడితే ఆపు అని. గొంతు మీద రెండు వేళ్లు పెడితే గ్యాసు అని. ఆమె వచ్చినంక కెమెరా తియ్యకుంట చానా సేపు మూలకు నిలబడి ఉత్తగ చూసింది. తర్వాత చెల్లెతోటి నన్ను పిలిపించింది.

"కాకా, వాల్వ్ బంద్ చెయ్యమని మీరు ఎట్ల చెప్తరు?"

నేను గాలిల చెయ్యి గుండ్రంగ తిప్పిన. తిప్పితే బంద్ అని మా దిక్కు పాత ఆపరేటర్లు అందరూ చేసేదే.

ఆమె ఒడిశా పిలగాన్ని పిలిచి అదే సైగ చేసింది, వాల్వ్ దిక్కు చూపించింది. వాడు పోయి వాల్వ్ తెరువబోయిండు. వాళ్లకు తిప్పుడు అంటే ఖోల్నా, తెరువుడు. ఎన్నేండ్ల నుంచి ఒక్క ప్లాంటుల ఒక్క సైగకు రెండు అర్థాలు నడుస్తున్నయో దేవునికి ఎరుక. సేఫ్టీ సూపర్‌వైజర్‌ను నేను.

ఆమె కొత్త సైగలు పెట్టింది. బంద్ అంటే ఒక పిడికిలి మీద ఇంకో అరచెయ్యి మూత లెక్క. తెరువు అంటే మూత లేపినట్టు. అన్నీ ఛాతీ ముందల చేసేటియి, దూరం నుంచి కూడ అగుపడేటియి. వర్కర్లతోనే చేపించి, వాళ్లు చెప్పిన మార్పులు చేసి, వాళ్లనే యాక్టర్లను చేసింది. ఒక్క మాట లేకుంట సినిమా అయింది. పైన ముఖం, కింద చేతులు, అట్ల ప్రతి ఫ్రేము కట్టింది.

ఆ రోజులల్ల నేను కూడ ఆమె భాష జెర నేర్చుకున్న. నాది, నీది, అవును, కాదు, తిన్నవా, జల్దీ. ఆమె నాకు ఒక పేరు పెట్టింది. వాళ్లల్ల మనిషికో సైగ పేరు ఉంటదట. నా పేరు, నోటి ముందల పిడికిలి, మైకు పట్టుకున్నట్టు. నాకు సంబురమైంది. కెమెరా పిలగాడు నన్ను చూసినప్పుడల్ల ఆ సైగ చేసి నవ్వెటోడు.

సినిమా మా సారుకు చూపించినం. ఆయన చివరి దాక చూసి గదవ గోక్కున్నడు. "బాగుంది. కానీ మూగగా ఉంది. ఛైర్మన్ గారు చూస్తే ఏమనుకుంటారు? సౌండ్ ఏదీ? అంకుల్, మీ గొంతు ఉంది కదా, కామెంటరీ పెట్టేయండి. కింద కంపెనీ పేరు, ఛైర్మన్ ఫోటోతో ఒక పట్టీ వేయండి. మీకు వచ్చు కదా ఎడిటింగ్."

"ఆమెను అడగాలె గద సార్," అన్న నేను.

"అడిగితే ఒప్పుకోదు. టైం లేదు."

ఒక్కసారి అన్న, రెండోసారి అనలే. నిజం చెప్పాలె కదా, కామెంటరీ అన్న మాట వినంగనే నా లోపల ఏదో చక్కిలిగింత అయింది. రెండు రోజులు కూసొని మాటలు రాసుకున్న. "సోదర కార్మికులారా" అని మొదలు పెట్టిన. మైకుల చదివిన. కింద పట్టీ వేసిన, పచ్చ రంగుది, వెడల్పుది, అక్షరాలు పరుగెత్తేది. ఆ పట్టీ సరిగ్గ చేతుల మీద పడ్డది. ముఖాలు పైన ఉన్నయి, చేతులు పట్టీ కింద పోయినయి. నాకు అగుపడలేదా? అగుపడ్డది. నా గొంతు చెప్తున్నది గద, చేతులు ఎందుకు అనుకున్న.

సభ రోజు కంపెనీ క్యాంటీన్ హాలు. ముందు వరుసల ముఖ్య అతిథి, ఒక పెద్ద ఆఫీసరు. వెనుక చుట్టుపక్కల కంపెనీల మేనేజర్లు. వాళ్ల వెనుక యూనిఫారాలల్ల వర్కర్లు. ఆమె కొత్త చీర కట్టుకొని రెండో వరుసల కూసున్నది. చెల్లె చేతిల కాయితాలు ఉన్నయి, అక్క చెప్పబోయేది ముందే రాసుకొని వచ్చిన్రు. ఆమె పిలగాండ్లు గోడ పొంటి నిలబడ్డరు.

సినిమా మొదలైంది. హాలంత నా గొంతు. మేనేజర్లు తలకాయ ఊపుతున్నరు. నేను ఆమె దిక్కు చూడొద్దని అనుకుంట చూసిన. ముందు ఆమె మెడ ముందుకు సాగింది, ఏదో అగుపడనట్టు. తర్వాత చెల్లె దిక్కు తిరిగింది. చెల్లె లేచి వంగుకుంట వంగుకుంట నా కాడికి వచ్చింది.

"కాకా, చేతులు ఏవి?"

"తర్వాత మాట్లాడుదం బిడ్డా."

"ఆ గొంతు ఎవరిది?"

నేను తెర దిక్కు తిరిగిన. ఆమెకు తెలుసు ఎవరిదో.

ఆఖర్ల పేర్లు రావాల్సినకాడ ముఖ్య అతిథి గడియారం చూసుకున్నడు. మా సారు నా దిక్కు చెయ్యి ఊపిండు. నేను సినిమా ఆపిన. పేర్లు రాలే. అయినంక మా సారు నా చెవుల చెప్పిండు: "మన కంపెనీ తరఫున ఊళ్లలో పంచిన కుట్టుమిషన్లలో ఒకటి మిగిలింది. ఆ అమ్మాయికి అతిథి చేతుల మీదుగా ఇప్పిద్దాం. ఫోటో బాగా వస్తుంది."

"ఆమె మాట్లాడాల్సి ఉంది సార్."

"ముందు మిషన్, తర్వాత చూద్దాం."

ఇద్దరు మనుషులు కుట్టుమిషన్ మోసుకొచ్చి స్టేజీ మీద పెట్టిన్రు. నేను మైకు పట్టుకొని ఏమన్ననో అక్షరం పొల్లుపోకుంట గుర్తున్నది. "మాట రాని, చెవులు వినరాని ఈ ఆడబిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడాలనే పెద్ద మనసుతో మన కంపెనీ అందిస్తున్న చిన్న చేయూత. అందరు గట్టిగ చప్పట్లు కొట్టాలె." ఆ సినిమా తీసింది ఆమెనే అని అనలే. డైరెక్టర్ అన్న మాట నా నోట్లకెల్లి రాలే. ముప్పై దాటిన మనిషిని, ముగ్గురికి జీతాలిచ్చే మనిషిని, కుట్టుమిషన్ పక్కన నిలబెట్టిన.

తన పది నిమిషాల కోసం పిలిచిన్రనుకొని స్టేజీ ఎక్కింది. చెల్లె వెంట రాబోతే నేను మెట్ల కాడ చెయ్యి అడ్డం పెట్టిన. "జెర ఆగు బిడ్డా, ఫోటో అయిపోని." అతిథి మిషన్ మీద చెయ్యి వేసి కెమెరా దిక్కు నవ్విండు. ఆమె మిషన్‌ను చూసింది, నన్ను చూసింది, హాలు దిక్కు తిరిగింది. చేతులు లేపింది.

తెర దిక్కు వేలు చూపించింది. అది. ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. నాది. వేలు ఊపింది. కాదు.

ఈ సినిమా నాది కాదు.

చాన రోజులు టైం లేక ఆపిన అని అందరికీ చెప్పుకున్న. అబద్ధం. హాలు మొత్తంల ఆమె భాష నాలుగు ముక్కలన్న వచ్చినోన్ని, వాళ్లోళ్లు తప్పితే, నేను ఒక్కన్నే. ఆమె మొదటి మూడు మాటలు అర్థమైనయి. ఇగ తర్వాత ఏం వస్తదో కూడ తెలిసింది. పట్టీ గురించి వస్తది, గొంతు గురించి వస్తది, ఇది వర్కర్లకు చూపించొద్దని వస్తది. చెల్లె మెట్ల మీదికి వస్తే అది మాటలు అయితది. అందుకే పట్టుకున్న. రెండు మణికట్లు పట్టుకున్న. ఆమె గుంజుకున్నది. నేను నవ్వు ముఖంతోటే గట్టిగ పట్టి, "నమస్కారం పెట్టమ్మా సారుకు" అనుకుంట జోడించిన. కెమెరా మెరిసింది.

కింద నుంచి చెల్లె మాట వినపడ్డది, అరిచినట్టు కూడ కాదు: "కాకా, మా అక్క నోరు ఇడువు."

ఇడిచిన. ఆమె చేతులు కిందికి వేసుకొని, ఎవల దిక్కు చూడకుంట, మెట్లు దిగి హాలు దాటిపోయింది. ఆమె పిలగాండ్లు గోడ నుంచి కదిలి వెనుకనే పోయిన్రు. కెమెరా పిలగాడు నా పక్క నుంచే పోయిండు. ఆ రోజు సైగ చెయ్యలే. మిషన్ స్టేజీ మీదనే ఉన్నది. చప్పట్లు ఇంక ఆగలే, అవి ఆమెకు వినపడవని ఎవరికీ పట్టలే.

మా ప్లాంటుల ఒక ఫిట్టర్ ఉండె, నా తోటోడు, నాలుకకు తాళం లేనోడు. మరుసటి రోజు చాయ్ కాడ అన్నడు: "ఆ మిషన్ స్టోర్ల ఎందుకుర, నువ్వు ఇంటికి తీస్కపో."

"నాకెందుకు?"

"నోరు కుట్టుకో. సినిమాల అది ఒకటే ఎక్కువున్నది."

అందరూ నవ్విన్రు, నేను గూడ నవ్విన. నవ్వకుంటే తప్పు చేసినట్టు అయితది గద.

ఆమెకు ఆ సభ నుంచి పని రాలే. వచ్చినయి రెండు ఫోన్లు, అది చెల్లె మందికి చెప్పంగ తర్వాత నా చెవుల పడ్డది. ఒక మేనేజరు, మీ కాడ మిషన్ నేర్చుకున్న ఆడపిల్లలు ఎంతమంది ఉన్నరని అడిగిండట. ఇంకొకాయన దీపావళికి మిఠాయి డబ్బాలు పంపుతం, అడ్రస్ చెప్పమన్నడట. కెమెరా పిలగాడు భానూర్ దిక్కు ఒక ప్యాకింగ్ లైన్ల చేరిండు. మేడ మీది గదికి కొన్నాళ్లు తాళం పడ్డది, శనగ బస్తాలు ఎక్కినయి.

మా సినిమా మాత్రం నడిచింది. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్ల చూపించినం. ఒకసారి మాక్ డ్రిల్ పెట్టినం, పైపుల మందు బదులు నీళ్లు. మా దిక్కు ఆపరేటర్ బంద్ చెయ్యమని చెయ్యి తిప్పిండు, పాత అలవాటు. సినిమా చూసొచ్చిన బీహార్ పిలగాడు పోయి పూర్తిగ తెరిచిండు. నీళ్లు మోకాళ్ల దాక వచ్చినయి. అందరు తడిసి నవ్వుకుంట నిలబడ్డరు, హోళీ అన్నరు. నీళ్లు కాబట్టి హోళీ. నేను పక్కకు పోయి గోడకు ఆనుకొని కూసున్న.

మరునాడు నేను ఆమె ఇచ్చిన అసలు సినిమా తీసి, నా పట్టీ లేకుంట, నా గొంతు లేకుంట, షిఫ్టు మారే టైముల చూపించిన. ఒక్కసారి చూసిన్రు. బయటికి పోయేటప్పుడు ఒడిశా పిలగాండ్లు పిడికిలి మీద అరచెయ్యి పెట్టుకుంట, తీసుకుంట ఆడుకుంటున్నరు. ఆ రోజు నుంచి అదే నడిపిన. మా సారుకు చెప్పలే. ఆమెకు చెప్పలే. ఇది ఎవరు తీసిన్రో చూసినోళ్లకు గూడ చెప్పలే, ఆఖరి పేర్లు రాకముందే అలవాటుగ ఆపేసెటోన్ని. ఎవరన్న అడిగితే గద చెప్పాలె అనుకున్న, చెప్తే ఆ సభ సంగతి గూడ రావాలె. తప్పును దిద్దుకునుడు వేరు, ఒప్పుకునుడు వేరు. దిద్దుకునుడు చాటుగ చెయ్యొచ్చు, అందుకే మనకు అది సులువు.

నేను దిగిపోయే రోజు శాలువా కప్పిన్రు. మా సారు మైకు పట్టుకొని, "మన సేఫ్టీ సినిమా ఈయన చలవే. ఆ సినిమా వచ్చాక మన ప్లాంట్‌లో ఒక్క పొరపాటు జరగలేదు" అన్నడు. అప్పుడైనా లేచి చెప్పొచ్చు. నా చేతులు ఎవలూ పట్టుకోలే. నేనే జోడించుకొని, తల వంచి, కూసున్న.

ఇగ ఇప్పటి సంగతి. ఆమె ఆగలే. ఫ్యాక్టరీ సైగలను చిన్న చిన్న సినిమాలు చేసి ఫోన్లల్ల పెట్టింది. చెవుడు ఉన్న వర్కర్లు ముందు చూసిన్రు, తర్వాత చెవులు ఉన్నోళ్లు చూసిన్రు, తర్వాత వేరే రాష్ట్రాల ఫ్యాక్టరీలు పిలిచినయి. మేడ మీది గది ఇప్పుడు రోడ్డు మీద ఆఫీసు. కెమెరా పిలగాడు మళ్ల ఆమె కాడనే ఉన్నడు, ఇప్పుడు వాని కింద నలుగురు. మొన్న మా పాశమైలారం కంపెనీల సంఘం వాళ్లే ఆమెను పిలిచిన్రు, మా ప్లాంటులకు ట్రైనింగ్ ఇయ్యమని. ఆమె షరతులు ముందే పంపిందట: ఫీజు ముందు, స్టేజీ మీద చెల్లె పక్కన ఉండాలె, శాలువా వద్దు, మొమెంటో వద్దు, పరిచయం తను రాసిచ్చినట్టే చదవాలె.

నాతోటి దిగిపోయినోళ్లు ఇప్పుడు ఆమె వీడియోలు ఫోన్లల్ల పంపుకుంటరు. "దేవుడు ఒకటి తీసుకుంటే ఇంకొకటి ఇస్తడు" అని రాస్తరు, దండం బొమ్మలు పెడ్తరు. నాకు వొళ్లు మండుతది. దేవుడు తీసుకున్నదో లేదో తెల్వదు గాని, మనం తీసుకున్నది నాకు తెలుసు. ఆమె సినిమా తీసుకున్నం, పేరు తీసుకున్నం, పది నిమిషాలు తీసుకున్నం. ఇచ్చింది కుట్టుమిషన్. ఇప్పుడు స్ఫూర్తి అంటున్నరు. ఒక మనిషి పనికి రేటు ఇయ్యబుద్ధి కానప్పుడు స్ఫూర్తి అంటరు, అది ఉత్తగ వస్తది. అప్పుడు ఆ హాలుల చప్పట్లు కొట్టినోళ్లే వీళ్లు. కొట్టించినోన్ని నేను.

ఆ ట్రైనింగ్‌కు నేను కూడ పోయిన, ఎనుక వరుసల కూసున్న. ఆమె మాట్లాడింది, చెల్లె మాటలు చేసింది, మేనేజర్లు రాసుకున్నరు. అయినంక ఆమె కాడికి పోదామని లేచి, మధ్యలనే మళ్లి తలుపుల నుంచి బయటపడ్డ. ఇంటికి పోయి చానా రోజులు అద్దం ముందల సైగలు చేసుకున్న. వచ్చిన నాలుగు ముక్కలకు ఇంకొన్ని నేర్చుకొని, నా మనవరాలితోటి ఫోన్ పట్టిపించి వీడియో తీపిచ్చిన. ఆ రోజు నీ మాట నాకు అర్థమైంది, అర్థమయ్యే నీ చేతులు పట్టుకున్న, భయపడి పట్టుకున్న, మాఫ్ చెయ్యి. ఇదే అందులున్నది. చెల్లె నంబరుకు పంపిన.

చాన రోజులు ఏమీ రాలే. చూసినట్టు గుర్తు మాత్రం పడ్డది. నాకు కోపం గూడ వచ్చింది, దాచుకోను. ఇంత వయసుల ఇంత కష్టపడితే ఒక్క ముక్క అనరాదా అనుకున్న. అట్ల అనుకున్నందుకు ఇప్పుడు మళ్ల సిగ్గు.

తర్వాత వీడియో వచ్చింది. ఆమె ఆఫీసుల కుర్చీల కూసొని, మెల్లగ, నాకు అర్థం కావాలని కావొచ్చు, చేతులతోటి చెప్పింది. కింద తెలుగుల రాసి ఉన్నది, చేతులకు అడ్డం రాకుంట. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న:

"కాకా, మీ వీడియో చూసిన. కొన్ని సైగలు తప్పు, కానీ సంగతి అర్థమైంది. ఆ రోజు మీకు నా మాట అర్థమైందని నాకు అప్పుడే తెలుసు, మీ ముఖం చూసిన కాబట్టి. మీరు నన్ను ఆపింది హాలు మొత్తం చూసింది. మీ మాఫీ నేను ఒక్కదాన్నే చూసిన. అందరి ముందల చేసినదానికి చాటుకు వచ్చి దండం పెడితే నేనేం చెయ్యాలె? ఆ మేనేజర్లు, ఆ వర్కర్లు మీ చుట్టుపక్కలే ఉన్నరు. ఆ సినిమా ఎవరు తీసిన్రో, దాన్ని ఎవరు పాడు చేసిన్రో, నేను ఏం చెప్పబోతే ఆపిన్రో వాళ్లకు చెప్పుండ్రి. మీకు రాసుడు వస్తది గద, రాయుండ్రి. నా పేరు మాత్రం పెట్టకుండ్రి. నా పేరు నా సినిమాల మీద ఉంటది, మీ పశ్చాత్తాపం మీద వద్దు. మాఫీ సంగతి అడిగిన్రు. రాసినంక పంపుండ్రి. చదివి చెప్త."